పక్కింటి కుక్క, దాని ఆరు పిల్లలు: గోడ ఇవతలి నుంచి ఎనిమిది వారాలు

పక్కింటి పెరట్లో గొలుసుకు కట్టి ఉండే కుక్క ఈనింది. ఆరు పిల్లలు. కుక్క మనది కాదు, పెరడు మనది కాదు, నిద్ర పట్టనిది మాత్రం మనకే. ఆ ఎనిమిది వారాల్లో ఏం చూశానో, ఏం చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో వరసగా రాస్తున్నాను. పిల్లల అరుపులు చెవిన పడతాయి కాబట్టి దిగులంతా వాటి మీదకే పోతుంది. కానీ మొదటి మూడు వారాలు చూడాల్సింది తల్లిని. దాని కడుపు నిండి, ఒంట్లో నీరుంటే పిల్లల పని ముప్పాతిక వంతు అదే చూసుకుంటుంది.

మొదటి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా గోడ ఇవతలి నుంచే చూడటం, రాసుకోవడం. కుక్క ఒంటి తీరును పశువైద్యులు 1 నుంచి 9 దాకా లెక్క వేస్తారు. 4, 5 సరైనవి: పక్కటెముకలు కంటికి కనపడవు, చేత్తో తడిమితే తగులుతాయి. దూరం నుంచే పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముకలు లెక్కపెట్టగలిగితే 1 లేదా 2. పక్కింటిది 2కీ 3కీ మధ్య ఉంది. ఇక్కడ తొందరపడి నింద వేయకూడదు. పాలిచ్చే కుక్క మంచి తిండి తింటున్నా మూడో, నాలుగో వారానికి చిక్కిపోతుంది, బొచ్చు రాలిపోతుంది. ఈనిన ఒకటి రెండు రోజులు నల్లగా, పల్చగా విరేచనం అవుతుంది, పిల్లలతో పాటు బయటికి వచ్చే మావిని తిన్నందుకు. వాటిని చూసి పట్టించుకోవడం లేదని తేల్చేయలేం. కానీ ఈనిన రెండో రోజుకే ఎముకలు కనపడుతున్నాయంటే అది కడుపుతో ఉన్నప్పటి నుంచీ ఉన్న లోటు.

తిండి తర్వాత చూసింది నీళ్ల గిన్నె. పల్చటి స్టీలు గిన్నె. కుక్క కదిలిన ప్రతిసారీ గొలుసు దానికి తగిలి బోర్లా పడుతోంది. యజమాని పొద్దున పోస్తున్నాడు, గంటలోపే నేలపాలు. అంటే ఆయన దృష్టిలో నీళ్లు పెడుతున్నట్టే, కుక్క దృష్టిలో రోజంతా దాహమే. ఈ ఒక్క సంగతి ముందే గమనించడం వల్ల తర్వాతి మాటల్లో చాలా గొడవ తప్పింది.

పిల్లల సంగతి చెవితోనే సగం తెలుస్తుంది. మొదటి రెండు వారాలు కడుపు నిండిన పిల్లలు రోజులో ఎక్కువ భాగం నిద్రపోతాయి. నిద్రలో కాళ్లు, మూతి అదురుతుంటాయి. అది మామూలే, మూర్ఛ కాదు. పావుగంట దాటి ఆగకుండా సన్నగా అరుస్తున్నాయంటే చలి, ఆకలి, జబ్బు, ఈ మూడింట్లో ఒకటి. ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి ఉంటే చలి. దేనికదే దూరంగా పాకి నోరు తెరుచుకుని ఉంటే వేడి ఎక్కువైనట్టు. అన్నీ పక్కపక్కనే వదులుగా పడి నిద్రపోతుంటే ఆ చోటు వాటికి సరిపోయినట్టే.

రాసుకోవడంలో ఒక పద్ధతి ఉంది. "కుక్కను ఎండగట్టి చంపుతున్నారు" అని రాస్తే అది మన కోపం. "బుధవారం ఉదయం 7:10, గిన్నె బోర్లా. 11:30, అలాగే ఉంది. సాయంత్రం 6:00, అలాగే ఉంది" అని రాస్తే అది ఎవరూ కాదనలేని విషయం. తేదీ, సమయం, చూసింది, అంతే. ఫోటో తీస్తే మన స్థలంలో నిలబడే తీయాలి.

మూడో రోజు మాట్లాడాను, చెడగొట్టాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "దానికి తిండి సరిగ్గా పెట్టట్లేదేమో అన్నా" అని. "మా కుక్క సంగతి మాకు తెలీదా?" అన్నాడు, తలుపు వేసుకున్నాడు. మూడు రోజులు పోయాయి. పాలు తాగే పిల్లలకు మూడు రోజులంటే చిన్న విషయం కాదు.

ఆరో రోజు మళ్లీ వెళ్లి ఈసారి అడగడమే మార్చాను. "అన్నా, ఆరు పిల్లలంట కదా! ఇన్నిటికి పాలివ్వాలంటే దానికి నీళ్లు చాలా పడతాయి. గిన్నె గొలుసు తగిలి పడిపోతోంది, నేను చూశాను. నా దగ్గర బరువైన తొట్టి ఉంది. పొద్దునా సాయంత్రం నేనే పోసి వెళ్తా, పిల్లలు పాలు మానేదాకా. మీకేం శ్రమ ఉండదు." ఇందులో తప్పు గొలుసుది, ఆయనది కాదు. అడిగింది చిన్న పని. దానికి గడువు కూడా ఉంది. ఒప్పుకున్నాడు. నీళ్లతో మొదలైంది వారం తిరక్కుండా తిండికీ, తర్వాత డాక్టరుకీ వెళ్లింది. మొదటి రోజే అన్నీ అడిగి ఉంటే అన్నిటికీ కలిపి ఒకే "వద్దు" వచ్చేది.

అనుమతి లేకుండా గోడ దూకి వెళ్లడం, రాత్రి పూట పిల్లల్ని తెచ్చేయడం లాంటి ఆలోచనలు నాకూ వచ్చాయి. చట్టం మాట అటుంచితే, రెండు వారాలలోపు పిల్లను తల్లి దగ్గర నుంచి తెస్తే రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, రాత్రి పూట కూడా. పక్కన ఎముకల గూడైన తల్లి ఉన్నా సరే, దాని దగ్గర బతికే అవకాశమే ఎక్కువ.

పెరట్లోకి వెళ్లేటప్పుడు జాగ్రత్త. మామూలుగా తోక ఊపే కుక్క కూడా పిల్లలున్నప్పుడు కరుస్తుంది. కట్టేసినది ఇంకా తొందరగా కరుస్తుంది, పారిపోవడానికి దారి లేదు కదా. గొలుసు ఎంత దూరం వస్తుందో ముందు చూసుకుని, ఆ గీత బయట పక్కకు తిరిగి నిలబడాలి. కళ్లలోకి చూడకూడదు, మీదకి వంగకూడదు, పిల్లలకూ దానికీ మధ్యకు వెళ్లకూడదు. మొదటి రెండు రోజులు గిన్నెను కర్రతో లోపలికి నెట్టాను. మూతి బిగించి, ఒళ్లు కొయ్యబారి, కదలకుండా చూస్తోందంటే గుర్రుమనడం కంటే అదే ప్రమాదం, వెనక్కి వచ్చేయాలి. పన్ను గీసుకున్నా సరే, వెంటనే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక తిండి. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఒప్పుకున్నాడన్న సంతోషంలో మొదటి రోజే పెద్ద గిన్నె నిండా పెట్టేశాను. రెండు నిమిషాల్లో ఖాళీ చేసింది. గంటకు సగం కక్కేసింది, రాత్రంతా విరేచనాలు. చాలాకాలం అరకొరగా తిన్న పేగు ఒక్కసారిగా వచ్చిన తిండిని తట్టుకోలేదు. మరీ ఎండిపోయిన కుక్కలో అయితే ఇంకా ప్రమాదం: ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని లవణాలు, ముఖ్యంగా ఫాస్ఫరస్, పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అందుకని ఒంటి తీరు 1 లేదా 2లో ఉంటే తిండి మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడాలి. మర్నాటి నుంచి రోజు తిండిలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, దాన్నే అయిదు చిన్న భాగాలు చేసి పెట్టాను. నాలుగైదు రోజుల్లో పూర్తి లెక్కకు తెచ్చాను.

పూర్తి లెక్క ఎంత? ఇది 15 కిలోలు ఉండాల్సిన కుక్క. పిల్లలు లేనప్పుడు దీనికి రోజుకు సుమారు 900 కేలరీలు చాలు. పొడి డాగ్ ఫుడ్ 100 గ్రాములకు 350 నుంచి 400 కేలరీలు ఇస్తుంది, అంటే పావు కిలో. ఈనిన మొదటి వారం దానికి ఒకటిన్నర రెట్లు, రెండో వారం రెండు రెట్లు, మూడు నుంచి అయిదో వారం దాకా మూడు రెట్లు, పిల్లలు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఆరు పిల్లల తల్లికి నాలుగో వారంలో ముప్పావు కిలో దాకా పడుతుంది. యజమాని పెడుతున్నది ఎప్పటిలాగే పూటకో గిన్నె. దుర్మార్గం కాదు, ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, అంతే. పెద్ద కుక్కల తిండి కంటే "పప్పీ" అని రాసి ఉన్నది పెడితే మేలు, అదే పరిమాణంలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ ఉంటాయి. ఆ లెక్కంతా ఒక్కసారి పెడితే కడుపులో పట్టదు, రోజుకు నాలుగు సార్లు పెట్టాలి.

ఇంట్లో వండి పెట్టేవాళ్లకు ఒక మాట. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, చక్కెర లేని మిఠాయిల్లో వేసే జైలిటాల్ కుక్కలకు విషం. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మనుషులు నొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ ఇవ్వకూడదు. "పాలు బాగా పడతాయి" అని కాల్షియం మాత్రలు సొంతంగా వేయకూడదు, దాని కారణం కింద వస్తుంది.

నీళ్లు: మామూలు కుక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. పాలిచ్చేది దానికి రెండు మూడు రెట్లు. అంటే దీనికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా. బరువైన తొట్టిని పాత టైరు మధ్యలో కూర్చోబెట్టాను. అప్పటి నుంచి ఒక్కసారి కూడా బోర్లా పడలేదు. తొట్టి తల్లికి అందాలి, పిల్లలు పాకే చోట ఉండకూడదు, రెండంగుళాల నీళ్లు చాలు పిల్ల మునిగిపోవడానికి.

పడక దగ్గర ఎక్కువ చెప్పేదేం లేదు. తల్లి కాళ్లు చాపి పడుకోగలిగినంత చెక్కపెట్టె, నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టాం, అడుగున తడి తగలకుండా. ముందువైపు అంచు జానెడు ఎత్తు, తల్లి దాటుతుంది, పిల్ల దొర్లి బయట పడదు. లోపల గోడల వెంబడి నాలుగంగుళాల ఎత్తున ఒక కర్ర కొడితే తల్లి వీపుకూ గోడకూ మధ్య పిల్ల నలగదు. పరుపుగా పాత తువ్వాళ్లు. దారాలు ఊడిపోయేవి వద్దు, పిల్ల కాలికి చుట్టుకుంటాయి. న్యూస్‌పేపరు ఒక్కటే పరిస్తే కాళ్లు జారి పిల్లలు నడక నేర్చుకోలేవు. మొదటి వారం పిల్లలకు వణికే శక్తి కూడా ఉండదు, చుట్టూ 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టాలి. రెండో పక్క చల్లగా వదిలేస్తే, వేడెక్కిన పిల్ల అటు పాకుతుంది.

ఏడో రోజు నుంచి పిల్లల్ని తూచడం మొదలుపెట్టాను. ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయమంటాను. వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె, గిన్నెలో తువ్వాలు, రోజూ ఒకే వేళకు. గుర్తుకు ఒక్కోదాని గోటికి ఒక్కో రంగు నెయిల్ పాలిష్. మెడకు దారం కడితే రెండు రోజుల్లో బిగుసుకుపోతుంది. తల్లికి అటు పక్క తిండి పెట్టి, అది తింటుండగా యజమాని కొడుకు పిల్లల్ని ఒక్కొక్కటే ఇచ్చేవాడు. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న మాట కుక్కల విషయంలో నిజం కాదు. గుంపుగా జనం వచ్చి కెలికితేనే బెదిరి చోటు మారుస్తుంది, లేదా కరుస్తుంది.

లెక్క ఇది: రోజుకు పుట్టినప్పటి బరువులో 5 నుంచి 10 శాతం పెరగాలి, 10 నుంచి 14 రోజులకు బరువు రెట్టింపు కావాలి. ఒక్క రోజు పెరగకపోతే గమనించాలి, రెండో రోజూ పెరగకపోయినా, తగ్గినా ఆగకూడదు. అయిదు పిల్లలు 400 గ్రాముల దగ్గర ఉన్నాయి, గోధుమరంగుది మాత్రం 290. అయిదూ రోజుకు పాతిక, ముప్పై చొప్పున ఎక్కుతుంటే ఇది రెండు రోజులు అక్కడే ఆగిపోయింది. మూడో రోజు పొద్దున పెట్టె మూలన విడిగా పడి ఉంది. చిటికెన వేలు నోట్లో పెడితే లోపల చల్లగా తగిలింది, చప్పరించలేదు.

చల్లబడ్డ పిల్లకు పాలు పట్టకూడదు. ఎవరికైనా ముందు చేయాలనిపించేది అదే, ప్రాణం తీసేదీ అదే. ఒళ్లు 35 డిగ్రీలకు దిగువకు వస్తే పేగులు కదలవు, పాలు కడుపులోనే నిలిచి పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టాలి, అదీ మెల్లగా. చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నాను, గంటన్నర పట్టింది. వేడినీళ్లలో ముంచడం, హీటరు ముందు పెట్టడం వద్దు, ఒక్కసారిగా వేడెక్కితే గుండె తట్టుకోదు. మధ్యలో గ్లూకోజ్ నీళ్లు వేలికి అద్ది చిగుళ్లకు రాశాను. నోరు వెచ్చబడి వేలు చప్పరించాక తల్లి వెనక కాళ్ల దగ్గరి చన్నుకు పట్టించాను. వెనక చన్నుల్లో పాలు ఎక్కువ, బలమైనవే వాటిని ఆక్రమించుకుంటాయి. ఆ తర్వాత రోజుకు మూడు సార్లు పెద్ద పిల్లల్ని పావుగంట బుట్టలో పెట్టి దీన్ని ఒక్కదాన్నే తాగనిచ్చాం. నాలుగు రోజులకు కాటా మీద అంకె కదిలింది.

తూచేటప్పుడే తల్లి చన్నులు కూడా ఒకసారి చూడాలి. వేడిగా, గట్టిగా, ఎర్రగా లేదా ఊదాగా ఉన్నా, ముట్టుకోనివ్వకపోయినా చీము పడుతున్నట్టు. కింద నుంచి వచ్చే స్రావం మొదట పచ్చగా, తర్వాత గోధుమ ఎరుపుగా రెండు మూడు వారాలు ఉండటం సహజం. కంపు కొడితే, చీములా ఉంటే గర్భసంచికి ఇన్‌ఫెక్షన్. రెండింటికీ డాక్టరు కావాలి, ఇంటివైద్యం పనిచేయదు.

పద్దెనిమిదో రోజు రాత్రి అసలు గండం వచ్చింది. తల్లి కుదురుగా పడుకోవడం లేదు. పడుకుని లేస్తోంది, నాలుక చాపి ఎగరొప్పుతోంది, పిల్లలు అరుస్తున్నా దగ్గరికి పోవడం లేదు. ఎండ వల్ల అనుకున్నాడు యజమాని. నేనూ ఒక క్షణం అలాగే అనుకున్నాను. లేచి నడిచినప్పుడు వెనక కాళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి, మూతి పక్కన కండ సన్నగా అదురుతోంది. అది ఎండ కాదు. రక్తంలో కాల్షియం పడిపోయింది. పశువుల్లో పాలజ్వరం అంటారే, కుక్కల్లో అదే. ఈనిన రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య, పాలు ఎక్కువగా పడే రోజుల్లో వస్తుంది. చిన్న జాతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది గానీ, తిండి చాలక ఎక్కువ పిల్లలకు పాలిచ్చే ఏ కుక్కకైనా రావచ్చు. అదురు వణుకవుతుంది, వణుకు ఫిట్సవుతుంది, ఒళ్లు 40 డిగ్రీలు దాటుతుంది. తెల్లారేదాకా ఆగితే కుక్క ఉండదు.

"అన్నా, ఇది పొద్దుటిదాకా ఆగేది కాదు, బండి తీయండి" అన్నాను. తీశాడు. డాక్టరు గుండె చప్పుడు వింటూ నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించారు, తొందరగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అరగంటలో వణుకు తగ్గింది. కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం మాత్రలు వేస్తే ఇది రాదనుకుంటారు, జరిగేది దానికి వ్యతిరేకం. బయట నుంచి వస్తుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే ఏర్పాటు మందగిస్తుంది. పాలు ఒక్కసారిగా పడ్డప్పుడు అది వెంటనే అందుకోలేదు. ఈనిన తర్వాత మాత్రం డాక్టరు చెబితే, చెప్పినంత ఇవ్వాలి.

ఆ రాత్రి నుంచి 24 గంటలు పిల్లల్ని తల్లి దగ్గరికి పోనివ్వలేదు. కుక్కపిల్లల పాలపొడి ముందే తెచ్చి పెట్టుకోవడం పనికొచ్చింది. ఆవుపాలు ఎందుకు చాలవంటే, కుక్కపాలలో కొవ్వు సుమారు 9 శాతం, మాంసకృత్తులు 7, 8 శాతం. ఆవుపాలలో రెండూ నాలుగు శాతం లోపే, పాలచక్కెర మాత్రం ఎక్కువ. కడుపు నిండదు, విరేచనం అవుతుంది. పాలపొడితో కలిపిన పాలు ఒక పూటకు 100 గ్రాముల బరువుకు 4 మిల్లీలీటర్లు, 700 గ్రాముల పిల్లకు 28. రోజుకు అయిదు సార్లు. పిల్లను బోర్లా ఉంచి, తల కొంచెం పైకి. మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసా తలకిందులు చేస్తే చుక్క చుక్కగా పడాలి, ధారగా కాదు. తాగాక తడి దూదితో తోక కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం, దొడ్డి వస్తాయి. తల్లి నాకి చేయించే పని అది, సుమారు మూడు వారాల దాకా పిల్లలకు సొంతంగా రాదు.

నట్టల మందు 2, 4, 6, 8 వారాలకు, పిల్లలకు పడ్డ రోజునే తల్లికి కూడా. ఏలికపాములు పుట్టకముందే తల్లి కడుపులోంచి, పుట్టాక పాల ద్వారా పిల్లలకు చేరతాయి, అందుకే శుభ్రంగా ఉన్న ఇంట్లో పుట్టినా వేయాలి. మోతాదు బరువు మీద ఆధారపడుతుంది, కాటా అక్కడా పనికొస్తుంది. కడుపు కుండలా ఉబ్బి వీపు ఎముకలు తేలితే "బాగా తాగుతోంది" అని మురిసిపోకండి, నట్టలే. దొడ్డి ఏ రోజుకా రోజు ఎత్తేయాలి. అందులోని గుడ్లు నేలలో రెండు వారాలో అంతకు పైనో ఉన్నాకే అంటుకునే దశకు వస్తాయి, పిల్లలాడే చోటైతే మనుషులకూ అంటుతాయి. పిడుదులకూ పేలకూ పెద్ద కుక్క మీద వాడే మందు చిన్న పిల్లల మీద వాడకూడదు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, ఆ దువ్వెనను సబ్బునీళ్లలో ముంచడమే. చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లబడితే పేలు రక్తం తాగేస్తున్నట్టు, అప్పుడు ఆలస్యం పనికిరాదు.

నాలుగో వారం నుంచి గొలుసు అసలు సమస్య అయింది. పళ్లు మొలిచిన పిల్లలు పాలకు ఎగబడితే నొప్పికి తల్లి లేచి దూరంగా పోతుంది. పాలు మాన్పడం మొదలయ్యేదే అలాగ. కట్టేసిన తల్లికి పోయే చోటు లేదు. అందుకే కసురుకుంటుంది, కరుస్తుంది. "పిల్లల్ని చంపేసేలా ఉంది" అంటారు చూసినవాళ్లు. మేం చేసింది ఒక బల్ల వేయడం, పిల్లలు ఎక్కలేనంత ఎత్తు, తల్లికి ఒక్క గెంతు. దాంతోనే సగం కసురు తగ్గింది. గొలుసు పిల్లల మెడకు, కాళ్లకు చుట్టుకోకుండా మోకాలెత్తు పలకలతో పిల్లలకు విడిగా దడి కట్టాం. తల్లి దాటి వస్తుంది, పిల్లలు దాటలేవు.

అప్పుడే మెత్తటి తిండి మొదలు. పొడి తిండి ఒక వంతు, గోరువెచ్చని నీళ్లు మూడు వంతులు, పావుగంట నానబెట్టి మెదిపి, అంచు లేని పళ్లెంలో. మొదటి రోజు తినడం కంటే దాంట్లో నడవడమే ఎక్కువ, తల్లి వచ్చి వాటి కాళ్లు నాకి శుభ్రం చేస్తుంది. వారం వారం నీళ్లు తగ్గిస్తూ ఏడో వారానికి పొడిగా తినేలా చేశాం.

టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. ఒక్కటి వేసి ఆపితే చాలదు, తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో తెలియదు. పిల్లల ప్రాణం తీసే విరేచనాలు తెచ్చే పార్వో క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులతో కూడా వస్తుంది. అందుకే ఆ పెరటికి వెళ్లడానికి వేరే చెప్పులు పెట్టుకున్నాను. బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపితే ఆ క్రిమి చస్తుంది, మామూలు ఫినాయిల్‌ను నమ్మకూడదు. వాంతులు, నెత్తురు విరేచనం అయితే గంటల లెక్క.

నాలుగో వారంలోనే ఇచ్చేద్దామన్నాడు యజమాని, అప్పుడే కదా ముద్దుగా ఉండేది. ఎనిమిది వారాల దాకా ఆగమన్నాను. తోడబుట్టినవాటితో కొరుక్కుంటూనే ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటాయి. ముందే విడిపోయినవి చేతులు కరిచే కుక్కలవుతాయి, వారానికే తిరిగి వస్తాయి. "తిరిగొస్తే మళ్లీ మీ నెత్తినే" అన్న మాట పనిచేసింది. ఆ నాలుగు వారాలు రోజుకు కొన్ని నిమిషాలు ఒక్కోదాన్ని ఎత్తుకోవడం, గోళ్లు, చెవులు ముట్టుకోవడం, గిన్నెల చప్పుడు వినిపించడం చేశాం. మూడో వారం నుంచి 14వ వారం లోపు చూసినదాన్నే కుక్క జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. అడగడానికి వచ్చినవాళ్లను మూడే అడిగాను: రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పగలు ఇంట్లో ఎవరుంటారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా. మొదటిదానికి "కట్టేస్తాం" అన్న ఇద్దరిని వదులుకున్నాం.

తల్లి పాలు ఆరబెట్టడానికి పిల్లలు వెళ్లాక తిండిని ఒక్క రోజు బాగా తగ్గించి, నాలుగైదు రోజుల్లో మళ్లీ మామూలుకు తెచ్చాం. మూడు వారాలకు చన్నులు ముడుచుకున్నాక ఆపరేషన్. దీన్ని వాయిదా వేస్తే పడిన పాట్లన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. కుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, గర్భం 63 రోజులే. కుట్లు నాకకుండా మెడకు గరాటా, 10 నుంచి 14 రోజులు తడి తగలనివ్వకూడదు.

యజమాని ఒప్పుకోని చోట ఏం చేయాలి? ఫిర్యాదే. ఆ మొదటి రోజుల రాతలు అక్కడ పనికొస్తాయి. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఫారాల్లో పెంచే జంతువుల గురించి చెప్పిన మాటల్లోంచి 1979లో "ఐదు స్వేచ్ఛలు" అని ఒక జాబితా తయారైంది: ఆకలి దప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, జబ్బుల నుంచి, భయం నుంచి విముక్తి, సహజంగా మెలిగే వీలు. ఫిర్యాదును ఈ వరసలోనే తేదీలతో రాస్తే తనిఖీకి వచ్చేవాళ్ల పని తేలికవుతుంది. ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. కుక్క లేవలేకపోయినా, గాయంలో పురుగులు పడినా, గొలుసు మెడలోకి దిగినా, ఫిట్స్ వచ్చినా రాతలూ రెండు రోజుల గమనింపూ అక్కర్లేదు, అప్పుడే ఫోన్ చేయాలి. సోషల్ మీడియాలో ఇల్లు చూపిస్తూ వీడియో పెట్టడం మాత్రం వద్దు. రాత్రికి రాత్రి కుక్కను ఇంకోచోటికి తరలిస్తారు, ఆ తర్వాత దాన్ని చూసేవాళ్లే ఉండరు.

ఆపరేషన్ రోజు తూస్తే తల్లి 14.6 కిలోలు. మొదటిసారి ఆ డాక్టరు దగ్గరే 12.9. గోధుమరంగు పిల్ల చివరగా వెళ్లింది, 3 కిలోల 100 గ్రాములు. గొలుసు ఇంకా ఉంది, కాకపోతే రెండు స్తంభాల మధ్య కట్టిన తీగ మీద జారుతుంది, తిరిగే కొక్కెంతో, మెలి పడకుండా. నీళ్లు ఇప్పుడు ఆయనే పోస్తున్నాడు, టైరు అక్కడే ఉంది.